పైసలు చెల్లని కొట్టం

మా ఆయన లోకంలో డబ్బును రద్దు చేసిన రోజున మా ఇంట్లో కిరోసిన్ లేదు. ఆ సంగతి చెబుదామని నేను రెండుసార్లు వాకిట్లోకి వచ్చాను. రెండుసార్లూ ఆయన తలెత్తకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. అరుగు మీద కూర్చుని, ఒళ్లో నిఘంటువు పెట్టుకుని, ఒక ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నాడు. చదవడమంటే ఒక్కో మాటకూ అర్థం వెతుక్కోవడం. ఒక్క పేజీకి ఒక పూట పట్టేది. నేను పక్కింటికి వెళ్లి సీసాడు కిరోసిన్ చేబదులు తెచ్చుకుని స్టౌ వెలిగించుకున్నాను.

ఇది తొంభైల్లో మాట. శంషాబాద్ పక్కన మా ఊరు. విమానాలు అప్పటికింకా ఇటు రాలేదు, బేగంపేటలోనే దిగేవి. మాకు తెలిసిన రొదంతా బెంగళూరు రోడ్డు మీద లారీలది. మా ఆయన కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసేవాడు. ఇనుప కడ్డీలను చెక్కి షాఫ్టులు, బోల్టులు తీయడం ఆయన పని. నేను ఇంట్లో కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. పెళ్లికి ముందు చర్చివాళ్ల హాస్టల్లో ఉండి కుట్టు నేర్చుకున్నాను. మిషన్ హాస్టల్లో మిషన్ నేర్చుకున్నదని మా ఆయన అందరికీ చెప్పి నవ్వేవాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

ఆదివారం నేను చర్చికి రమ్మంటే ఆయన ఆబిడ్స్ బస్సెక్కేవాడు. అక్కడ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి తెచ్చిందే ఈ పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. ఎవరు రాశారో, ఏ దేశం వాళ్లో మాకు ఎప్పటికీ తెలియలేదు. బొమ్మలు మాత్రం ఉన్నాయి. గుండ్రటి ఊళ్లు, బోర్లించిన గిన్నెల్లాంటి ఇళ్లు, డ్రైవరు లేని రైళ్లు, మనిషి లేకుండా దున్నే యంత్రాలు. ఆ ఊళ్లలో దుకాణాలు ఉండవట. పెద్ద పెద్ద గోదాముల్లో అన్నీ ఉంటాయట, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని, పనయ్యాక తెచ్చి పెడతారట. కొనడం లేదు, అమ్మడం లేదు, జీతం లేదు. అన్నీ యంత్రాలు చేస్తాయి కాబట్టి ఎవరికీ ఎవరి మీదా పెత్తనం లేదు.

"గిన్నెలెవరు తోముతరు?" అని అడిగాను నేను.

"మిషన్ తోముతది."

"ఆ మిషన్ ఖరాబైతే?"

"ఇంకో మిషన్ బాగు చేస్తది."

"గా ఇంకో మిషన్‌ను?"

ఆయన నా వైపు జాలిగా చూసి మళ్లీ నిఘంటువులోకి దిగిపోయాడు. ఆ జాలి చూపంటే నాకు ఒళ్లు మండేది. బొమ్మలు బాగాలేవని నేనెప్పుడూ అనలేదు. ఆయన లేనప్పుడు నేనూ తీసి చూసేదాన్ని. ఆ ఊళ్లో ఆడవాళ్లు నిటారుగా నిలబడి ఉన్నారు, ఎవరి నడుమూ వంగి లేదు. నాకు అప్పటికే మిషన్ తొక్కీ తొక్కీ నడుము నొప్పి మొదలైంది.

మా దగ్గర 'ఉత్తగ' అనే మాట ఒకటుంది. డబ్బు తీసుకోకుండా ఇస్తే ఉత్తగ ఇచ్చినట్టు. పనిలేక కూర్చుంటే ఉత్తగ కూర్చున్నట్టు. చేతిలో ఏమీ లేకుండా వస్తే ఉత్తగ వచ్చినట్టు. చెప్పింది అబద్ధమైతే అది ఉత్తది. ఇన్ని పనులు చేసే మాటను జాగ్రత్తగా వాడాలి. మా ఆయనకు ఆ జాగ్రత్త లేదు. రోడ్డు మీద చాయ్ హోటల్లో కూర్చుని ఆ గుండ్రటి ఊరి సంగతులు చెబుతుంటే, హోటలాయన చాయ్ వడగడుతూ అడిగాడట.

"అయితే అన్నా, గా ఊళ్లె అంత ఉత్తదేనా?"

"అవ్, అంత ఉత్తదే," అన్నాడట మా ఆయన, ఛాతీ విరుచుకుని.

హోటలంతా ఒకటే నవ్వు. ఎందుకు నవ్వారో ఆయనకు ఇంటికొచ్చాక గానీ వెలగలేదు. ఆ రోజు నుంచి ఊళ్లో ఆయనకు వెనక నుంచి పిలిచే పేరొకటి పుట్టింది. ఆ పేరు నేను ఇక్కడ రాయను.

ఆ ఎండాకాలంలోనే ఫ్యాక్టరీకి కంప్యూటర్‌తో నడిచే కొత్త లేత్ వచ్చింది. మా ఆయన మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. ఇంతకుముందు ఆయన మిఠాయి తెచ్చింది మా పెళ్లిచూపులకే.

"ఎనిమిది మంది చేసే పని అదొక్కటే చేస్తది," అన్నాడు. "చెయ్యి పెట్టే పనే లేదు. అంకెలు కొడితే సాలు. ఇగ షురువైంది."

"మరి ఆ ఎనిమిది మంది ఏం చేస్తరు?"

"రికాం ఉంటరు, ఏ పని లేకుండ. మనకు గావాల్సింది గదే గదా."

రెండు నెలలు తిరగకముందే ఆ ఎనిమిది మందీ రికాం అయ్యారు. అందులో మా ఆయన ఒకడు. ఆ సాయంత్రం సైకిల్ గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని, "తప్పు మిషన్‌ది గాదు. మిషన్ ఒక్కనిదైంది, అందరిది గాలే. తప్పు గక్కడున్నది," అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ రోజు ఒప్పుకోలేదు. ఖాళీ అయిన మిఠాయి డబ్బాలో నేను హుక్కులు, గుండీలు పోసుకున్నాను. ఆ డబ్బా ఆయనకు కనిపించేలా ముందు పెట్టుకుని పొద్దుపోయేదాకా జాకెట్లకు హుక్కులు కుట్టాను.

ఇంకో ఉద్యోగం చూసుకోమని అన్నాను. చూస్తున్న అన్నాడు. చూసింది మాత్రం మా ఇంటి వెనక కొట్టం వైపు. మా అత్త ఉన్నప్పుడు అందులో బర్రెలుండేవి. ఆమె పోయాక అవీ పోయాయి, పిడకలు, ఎలుకలు మిగిలాయి. ఆయన వారం రోజులు కష్టపడి దాన్ని ఊడ్చి, సున్నం వేసి, గోడలకు మేకులు కొట్టాడు. తన పనిముట్లన్నీ తెచ్చి మేకులకు తగిలించాడు. రెంచీలు, డ్రిల్లు, రంపం, బావి మోటారు పైకి లాగే చెయిన్ కప్పీ, నిచ్చెన, చేలల్లో మందు కొట్టే పంపు. ఏది ఎక్కడ ఉండాలో తెలిసేలా ప్రతి వస్తువు చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. తలుపు పక్కన నీలం రంగుతో, ఆఫీసు బోర్డుల తెలుగులో రాశాడు. 'అవసరం ఉన్నవారు తీసుకొనిపోవచ్చును. పని అయిన పిమ్మట తెచ్చి పెట్టవలెను. ఇచ్చట పైసలు చెల్లవు.'

మొదట్లో జనం నవ్వడానికి వచ్చారు. తర్వాత నిచ్చెన కోసం వచ్చారు. తర్వాత కప్పీ కోసం వచ్చారు. చెడిపోయిన మోటార్లుంటే మా ఆయన తనే వెళ్లి బాగుచేసి వచ్చేవాడు. పొద్దున్నే సైకిలెక్కి మహేశ్వరం వైపో, కందుకూరు వైపో పోయి, మీ ఊళ్లో కూడా ఇలాంటిదొకటి పెట్టండని చెప్పి, చీకటి పడేవేళకు తిరిగొచ్చేవాడు. పెట్టినవాళ్లెవరూ లేరు.

ఆయన కళ్లు నా కుట్టు మిషన్ మీద పడతాయని నాకు మొదటి నుంచీ భయం. పడ్డాయి.

"మిషన్ రోజుకెన్ని గంటలు నడుపుతవ్?"

"పనున్నన్ని."

"మిగిలిన గంటలు ఉత్తగనే ఉంటది గదా."

"పొయ్యి గూడ మిగిలిన గంటలు ఉత్తగనే ఉంటది. గది గూడ తీస్కపో."

నాలుగు రోజులు అడిగాడు. కోప్పడలేదు, అరవలేదు. అన్నం తింటూ, నీళ్లు తోడుతూ, అదే మాట అదే గొంతుతో. ఐదో రోజు నేను సరేనన్నాను. నమ్మి కాదు, విసిగి. నా జీవితంలో నేను ఒప్పుకున్నవాటిలో చాలావరకు అలసిపోయి ఒప్పుకున్నవే. ఉద్యోగం పోయినప్పటి నుంచి మా ఇల్లు నడుస్తున్నది ఆ మిషన్ మీదే అని తెలిసి కూడా ఒప్పుకున్నాను. పొద్దున పూట ఊరివాళ్లకు, మధ్యాహ్నం నుంచి నాకు. నేను కూడా కొట్టంలోకి వెళ్లి, రేకుల కింద ఉడికిపోతూ కుట్టాలి.

పది చేతులు పడితే కుట్టు మిషన్ ఏమవుతుందో కుట్టేవాళ్లకు తెలుస్తుంది. దారం బిగువు ఒకరికి ఒక తీరు కావాలి. రోజూ మధ్యాహ్నం నేను కూర్చునేసరికి బాబిన్ ఎక్కడో పడి ఉండేది, సూది వంగి ఉండేది, తెల్లబట్ట పెడితే నూనె మరక అంటుకునేది. ముందు అరగంట మిషన్ సరిచేసుకోవడానికే పోయేది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అది నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. మిషన్ ఉత్తగ దొరుకుతుంటే వంకరో టింకరో తామే కుట్టుకుంటారు గానీ నాకు కూలీ ఇచ్చి ఎందుకు కుట్టించుకుంటారు? ఫ్యాక్టరీలో ఆ కొత్త లేత్ ఆయనకు చేసిన పనే ఇక్కడ ఆయన నాకు చేశాడు. ఆ మాట మొహం మీదే అన్నాను. దానికి ఆయన, "అందరికి కుట్టొస్తే నీకు గూడ రికామే గదా," అన్నాడు. ఆ రోజు నేను అన్నం పెట్టి పక్కింటికి వెళ్లి కూర్చున్నాను.

అయినా మేం పస్తులు పడుకోలేదు. ఎందుకో చెబుతాను.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక అవ్వ ఉండేది. ఊరి చివర వాళ్లకు మిరప, కంది చేలు ఉండేవి. వాళ్లింట్లో మందు పంపు వాషర్ అరిగిపోయి మూలన పడి ఉంది, అందుకని మా పంపు తీసుకుపోయేది. మొదటిసారి పంపు తెచ్చి మేకుకు తగిలించి, పక్కన ఒక గుడ్డమూట పెట్టింది. నేను మిషన్ దగ్గర ఉన్నాను. విప్పి చూస్తే పచ్చిమిరపకాయలు.

"ఇవెందుకవ్వా? పైసలు చెల్లవని రాసిండు గదా."

"ఇవి పైసలా బిడ్డా? మిరపకాయలు."

"ఏమియ్యొద్దవ్వా. ఉత్తగనే తీస్కపోవాలె, ఉత్తగనే తెచ్చి పెట్టాలె."

అవ్వ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "నీ ఇంటి గిన్నె నా ఇంటికొస్తె, ఖాళీగ పంపుతనా ఏంది?"

మా వైపు ఎవరి ఇంటి గిన్నె అయినా ఖాళీగా వెనక్కి పోదు. పులుసు వచ్చిన గిన్నెలో నాలుగు బెల్లం ముక్కలో, గుప్పెడు పల్లీలో, ఏదీ లేకపోతే చిటికెడు చక్కెరో పడాల్సిందే. చర్చికి పోయేవాళ్లమైనా, గుళ్లకు పోయేవాళ్లైనా ఇందులో తేడా లేదు. పెట్టడానికి ఏమీ లేకపోతే, ఏదో ఒకటి దొరికేదాకా గిన్నెను ఇంట్లోనే ఉంచుకుంటాం. అవ్వ లెక్కలో మా పంపు కూడా ఒక గిన్నే.

ఆ తర్వాత అందరూ అంతే. కప్పీతో పాటు కందులు వచ్చాయి. రంపంతో పాటు బీరకాయలు వచ్చాయి. వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు, మధ్యాహ్నం పూట, నేను మిషన్ దగ్గర ఉన్నప్పుడు. నేను ఎప్పటివప్పుడు కొంగులో కట్టుకుని ఇంట్లోకి చేర్చేదాన్ని. మా ఆయనకు చెప్పలేదు. ఒకసారి పళ్లెంలో చిక్కుడుకాయ కూర చూసి ఎక్కడిదని అడిగితే, కుట్టుకూలీతో అంగట్లో కొన్నానన్నాను. తెలిస్తే ఆపేస్తాడని నా భయం. ఆ మూటలు ఆగిపోతే మాకు తిండి లేదు.

"చూసినవా," అన్నాడు ఆయన ఒకరోజు, పప్పు కలుపుకుంటూ. "పైసల్లేకుండనే నడుస్తున్నది గదా."

"నడుస్తున్నది," అన్నాను.

ఆరు నెలలు అలా నడిచింది. అప్పుడు ఒక ఆదివారం సిటీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. రిటైరైన లెక్చరర్, కోస్తా మనిషి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇద్దరూ ఒకే రకం పుస్తకాలు వెతుకుతూ పరిచయమయ్యారు. మా కొట్టం చూడాలని స్కూటర్ మీద అంత దూరం వచ్చాడు. మా ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. పెద్దాయన ప్రతి మేకునూ ప్రతి గీతనూ చూసి, "అద్భుతమండీ, ఇంత చిన్న ఊళ్లో," అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఉద్యోగం పోయిన తర్వాత ఆయన మొహం అలా వెలగడం నేను చూడలేదు. ఆ క్షణంలో నాకు కూడా గర్వంగానే అనిపించింది.

సరిగ్గా అప్పుడే ఒకామె నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చింది. గోడకు ఆనించి, నెత్తి మీది గంప దించి, టమాటాలు నేల మీద కుప్ప పోసింది.

"ఇవేమిటమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"నిచ్చెనకు సార్," అంది ఆమె.

పాపం, ఆమె తప్పేం లేదు. 'నిచ్చెనతో పాటు' అని ఉంటే సరిపోయేది. 'ఉత్తగనే' అన్నా సరిపోయేది. 'నిచ్చెనకు' అంది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎంతో మెత్తగా మా ఆయనతో అన్నాడు.

"అయితే ఇది మార్పిడేనండీ. రూపాయి స్థానంలో టమాటా వచ్చింది, అంతే. డబ్బు పోలేదు, వేషం మార్చుకుంది. తప్పని నేననను. కానీ మీరు చెబుతున్నది ఇది కాదు కదండీ?"

ఆ పెద్దమనిషి మీద నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. ఆయన మా ఇంట్లో చాయ్ తాగి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ చాయ్‌కి పాలు కూడా కొట్టంలోకి వచ్చినవే.

"రోజు గిట్ల తెస్తున్నరా?" అని అడిగాడు మా ఆయన, నన్ను చూడకుండా.

"అప్పుడప్పుడు," అన్నాను. అది ఇంకో అబద్ధం.

మర్నాడు గోడ మీద నాలుగో వాక్యం వచ్చింది. 'ఎవరును ఏమియు తెచ్చి ఇవ్వరాదు.' ఆ రోజు నుంచి సైకిలెక్కి ఊళ్లు తిరగడం మానేసి, కొట్టం తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరైనా మూట తెస్తే వద్దని చేతులు జోడించేవాడు. అవ్వ పంపు భుజాన వేసుకుని, ఒళ్లో బీరకాయలతో వచ్చింది.

"వద్దవ్వా. పంపు పెట్టు సాలు. రేపు గావాల్నంటే మళ్ల ఉత్తగనే తీస్కపో."

అవ్వ పంపును మేకుకు తగిలించలేదు. కింద పెట్టింది. "ఉత్తగ తీస్కపోనీకి నేనేం బిచ్చపుదాన్నా కొడుకా?" అంది. గొంతు పెంచలేదు. బీరకాయలు ఒళ్లో వేసుకుని తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. పోట్లాట లేదు, ఏమీ లేదు. రావడం మానేశారంతే. నిచ్చెన అవసరమైతే రెండు బల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నారు. పొద్దున పూట మిషన్ మీద కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు కూడా తప్పుకున్నారు, నా దగ్గరికి కుట్టడానికి బట్టలూ రాలేదు. బొగ్గుగీతల మధ్య పనిముట్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, వాటి మీద దుమ్ము పడుతోంది. మా ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చునేవాడు. నేను ఇంట్లో డబ్బాలు ఒక్కొక్కటే మూతలు తీసి చూసుకునేదాన్ని. కందులు అయిపోయాయి. రేషన్ బియ్యం అడుగు కనిపించింది. ఆ రోజుల్లో నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఒంట్లో కొంత శక్తి ఉండాలి.

ఒక మధ్యాహ్నం వెనక తలుపు చప్పుడైంది. అవ్వ. చేతిలో సిల్వర్ గిన్నె, దాని మీద మూత.

"కొట్టంల ఇయ్యొద్దని రాసిండు. ఇంట్ల ఇయ్యొద్దని రాయలే గదా," అంది.

గిన్నెలో టమాటా పప్పు ఉంది. నేను తలుపు పట్టుకుని ఏడ్చాను. అవ్వ చూడనట్టే వెళ్లిపోయింది. మా ఆయనకు పప్పు పెట్టాను. తల వంచుకుని తిన్నాడు, ఎక్కడిదని అడగలేదు. నేను గిన్నె తోమి గూట్లో పెట్టాను. దాన్ని తిరిగి ఇవ్వాలి. ఇవ్వాలంటే అందులో ఏదైనా పడాలి. బెల్లం లేదు, పల్లీలు లేవు, చక్కెర డబ్బా దులిపితే రెండు చీమలు రాలాయి. ఒకరోజు పోయింది, రెండో రోజు పోయింది. గూట్లోంచి ఆ గిన్నె నన్నే చూస్తున్నట్టు ఉండేది. ఆకలికంటే ఆ గిన్నె దగ్గరే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

మూడో రోజు కొట్టంలోకి వెళ్లాను. మా ఆయన స్టూలు మీద ఉన్నాడు. నేను కుట్టు మిషన్ మరలు విప్పి, తలకాయ భాగాన్ని చంకన ఎత్తుకున్నాను.

"ఏం చేస్తున్నవ్?"

"తీస్కపోతున్న."

"గది అందరిది."

"అవసరం ఉన్నవారు తీసుకొనిపోవచ్చునని నువ్వే రాసినవు. నాకు అవసరం."

ఆయన గోడ వైపు చూశాడు. తను రాసిన అక్షరాలు తనే చదువుకున్నాడు. "పనైనంక తెచ్చి పెట్టాలె మరి," అన్నాడు మెల్లగా.

"పనైనంక తెస్త," అన్నాను.

ఇది జరిగి పాతికేళ్లు దాటింది. పని ఇంకా కాలేదు. మిషన్ ఇంకా నా దగ్గరే ఉంది.

తలకాయ ఇంట్లో దింపి, స్టాండు కోసం మళ్లీ వచ్చాను. ఇనుప స్టాండు, బరువు. తలుపు దాకా ఈడ్చాను, గడప దాటలేదు. మా ఆయన కాసేపు చూసి, లేచి వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరం ఇంట్లోకి మోసుకొచ్చాం. మిషన్ బిగించి ఇచ్చాడు. నూనె వేశాడు. బాబిన్ తిప్పి చూసి, బిగువు సరిచేశాడు. అలాంటి పనుల్లో ఆయన చేతిని మించిన చెయ్యి నేను చూడలేదు. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం గూట్లోకి చెయ్యి పెట్టాడు.

"గీ గిన్నె ఎవరిది?"

"అవ్వది. మొన్న పప్పు తెచ్చింది."

"మరి ఇయ్యకపోయినవ్."

"ఏం పెట్టి ఇయ్యాలె?"

ఆయన గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. నేను దాచుకున్నదంతా ఆ నిమిషంలో చెప్పేశాను. మొదటి మిరపకాయల మూట నుంచి, కందుల నుంచి, చిక్కుడుకాయల నుంచి, ఆ పెద్దమనిషి తాగిన చాయ్‌లో పాల దాకా. సంతలో బరువు దించినట్టు దించేశాను.

"నేను తిన్నయన్ని?"

"అన్ని."

ఆయన గిన్నె కింద పెట్టి, డబ్బాల మూతలు తీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే. నేను మూడు రోజులుగా చూసినవే. అన్నీ చూసి, మిఠాయి డబ్బా కూడా తీసి చూశాడు. హుక్కులున్నాయి. మూత పెట్టేసి బయటికి వెళ్లాడు. కొట్టంలోంచి సుత్తి చప్పుడు కొంచెంసేపు వినిపించింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో తోలు వాషర్ ఉంది. ఫ్యాక్టరీకి వేసుకుపోయే బూటు నాలుకను గుండ్రంగా కత్తిరించి, అంచులు కొట్టి, నూనెలో ముంచి చేశాడు. అవ్వ ఇంట్లో మూలన పడి ఉన్న పంపుకు సరిగ్గా సరిపోయే కొలత. ఆ కొలత ఆయనకు ఎలా గుర్తుందో నేను అడగలేదు.

వాషర్‌ను సిల్వర్ గిన్నెలో పెట్టి, మూత వేసి, నాలుగిళ్ల అవతలికి నడిచి వెళ్లాడు. నేను మిషన్ ముందు కూర్చుని, చాలా రోజులకు, ఒక పాత జాకెట్టు చంక కింది చిరుగు కుట్టడం మొదలుపెట్టాను. అది అయ్యేలోపే వచ్చాడు.

"తీస్కున్నదా?"

"తీస్కున్నది."

"ఏమన్నది?"

"ఉత్తగనే ఇస్తున్నవా కొడుకా అని అడిగింది."

నేను కాలు ఆపాను. "నువ్వేమన్నవ్?"

ఆయన చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"కాదన్న," అన్నాడు.